ఫారం మీద రాయని కథ: కార్సినాయిడ్ అనే అరుదైన ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి

(చెన్నై టీ నగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం, ఇక్కడి తెలుగువాళ్ల కోసం ఒక పాథాలజిస్టు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాటల్లోనే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా అమ్మా? సరే. నన్ను పిలిచినవాళ్లు క్యాన్సర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఒక్క క్యాన్సర్ గురించే చెబుతానన్నాను, అది కూడా మీలో చాలామంది పేరు వినని దాని గురించి. ఊపిరితిత్తుల్లో వచ్చే క్యాన్సర్లన్నీ కలిపి వంద అనుకుంటే ఇది అందులో ఒకటో రెండో ఉంటుంది, అంతే. దాని పేరు కార్సినాయిడ్. వందలో ఒకటి రెండు వచ్చేదాని గురించి ఇంతమందిని కూర్చోబెట్టి చెప్పడం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. ఎందుకంటే, నా ఇన్నేళ్ల పనిలో నేను చేసిన పెద్ద తప్పు దీని దగ్గరే చేశాను. ఆ తప్పు ఎలా జరిగిందో చెబితే, రేపు మీ ఇంట్లో ఎవరికైనా బయాప్సీ అంటే ఏం చెయ్యాలో మీకు తెలుస్తుంది. అందుకని వచ్చాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. పాథాలజిస్టు అంటే చాలామంది రక్తం తీసే ల్యాబ్ అనుకుంటారు. మా దగ్గరికి మనిషి రాడు, ముక్క వస్తుంది. మీ శరీరంలోంచి తీసిన ముక్క, చిన్న డబ్బాలో, దాంతోపాటు ఒక ఫారం. ఆ ఫారం మీద డాక్టరుగారు రెండు ముక్కలు రాస్తారు. ఆ డబ్బా, ఆ కాగితం, ఈ రెండింటినీ పట్టుకుని మేం మీ జబ్బుకి పేరు పెట్టాలి. పేరు పెట్టాకే మందు. కీమోనా, ఆపరేషనా, ఏమీ వద్దా అన్నది ఆ పేరు మీదే ఆధారపడుతుంది. మరి ఆ కాగితం మీద ఏమీ రాయకపోతే? అక్కడికే వస్తాను.

ఒక అమ్మాయి కథ చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. నెల్లూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి, అప్పటికి ముప్పై నిండలేదు. మూడేళ్లుగా దగ్గు. రాత్రి పడుకుంటే పిల్లికూతలు. ఊళ్లో చూపిస్తే ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు. ఉద్యోగానికని చెన్నై వచ్చింది, ఇక్కడా అదే మాట అన్నారు. మన చెన్నైలో అందరూ "వీజింగ్ ఉంది" అంటారు చూడండి, అదేదో జబ్బు పేరైనట్టు. వీజింగ్ అనేది జబ్బు కాదమ్మా, అదొక చప్పుడు. గాలి ఇరుకు దారిలోంచి వెళ్లేటప్పుడు వచ్చే కూత. ఇరుకు ఎందుకయింది అన్నది కదా అసలు ప్రశ్న? ఆస్తమాలో సన్న గొట్టాలన్నీ బిగుసుకుంటాయి కాబట్టి సాధారణంగా రెండు వైపులా కూత వినిపిస్తుంది. ఒకే వైపున, ఎప్పుడు విన్నా అదే చోట, ఇన్‌హేలర్ ఎంత పీల్చినా తగ్గకుండా కూత వినిపిస్తోందంటే ఆ గొట్టంలో ఏదో అడ్డం ఉందేమో అని ఆలోచించాలి. ఈ అమ్మాయికి ఎడమవైపే కూత. మూడేళ్లలో ఎంతమంది వీపుకి స్టెతస్కోప్ పెట్టి రెండు వైపులా పోల్చి విన్నారో నాకు తెలియదు. ఓపీలో బయట ఎనభైమంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా దొరకవు, ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి.

మధ్యలో రెండుసార్లు నిమోనియా వచ్చింది. రెండుసార్లూ ఒకే చోట, ఎడమ కింది భాగంలో. యాంటీబయాటిక్స్‌తో తగ్గింది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. వచ్చిన చోటికే నిమోనియా మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ చోటికి వెళ్లే గొట్టం మూసుకుపోతోందేమో చూడాలి. నీళ్లు కదలని కాలవలోనే కదా నాచు పట్టేది.

ఆ తరవాత ఒక జనవరిలో, భోగి పొగ ఊరంతా కమ్ముకున్న వారంలో, దగ్గితే రక్తం పడింది. పొగ వల్ల అనుకున్నారు. తరవాత టీబీ అనుకున్నారు. అలా అనుకోవడం తప్పని నేను అనను. మన దేశంలో దగ్గితే రక్తం పడిందంటే మొదట టీబీ గురించి ఆలోచించాల్సిందే. ఈ ఊరికి టీబీతో ఉన్న బంధం కూడా మామూలుది కాదు. మీలో తాంబరం వైపు లోకల్ ట్రైన్‌లో వెళ్లేవాళ్లు శానటోరియం అనే స్టేషన్ దాటుతుంటారు కదా, అక్కడ 1928లో డాక్టర్ చౌరీ ముత్తు క్షయ రోగుల కోసం శానటోరియం పెట్టారు. ఆ స్టేషన్‌కి ఆ పేరు అందుకే వచ్చింది. చెట్‌పట్‌లో 1956లో మొదలైన టీబీ పరిశోధనా కేంద్రం వాళ్లు ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో ప్రపంచానికి చూపించారు. అంతకుముందు టీబీ అంటే నెలల తరబడి ఇల్లు వదిలి శానటోరియంలో ఉండటమే. మద్రాసులో చేసిన ఆ పనితో ప్రపంచమంతా టీబీ వైద్యం తీరే మారిపోయింది. ఇది చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది.

కానీ టీబీ అంటే తెమడలో క్రిమి కనబడాలి, లేదా ముక్కలో ఆనవాలు దొరకాలి. ఈ అమ్మాయికి తెమడ పరీక్షల్లో ఏమీ దొరకలేదు. అయినా మందులు మొదలుపెట్టేద్దామా అన్నారట. అదృష్టం ఏమిటంటే ఒక డాక్టరుగారు ఆగి, ముందు సీటీ స్కాన్ తీయించారు. ఎడమ పెద్ద గొట్టంలో చిన్న గడ్డ. ఎక్స్‌రేలో ఎందుకు కనబడలేదంటారా? గుండె నీడ వెనక దాక్కుంది. ఈ గడ్డలు ఎక్కువ భాగం పెద్ద గొట్టాల దగ్గరే వస్తాయి, ఎక్స్‌రేలో తప్పిపోవడం సహజం.

ఆ తరవాత బ్రాంకోస్కోపీ చేశారు. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తారు. కార్సినాయిడ్ చూడటానికి ఎలా ఉంటుందో తెలుసా? ఎర్రగా, నున్నగా, పండిన రేగిపండులా గొట్టంలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది. లోపల రక్తనాళాలు చాలా ఎక్కువ, అందుకే ముక్క తీస్తే రక్తం కారుతుందేమో అని డాక్టర్లు జాగ్రత్త పడతారు. ఇంకో సంగతి ఉంది. గొట్టంలోకి కనబడేది కొంచెమే. చామదుంప చూడండి, పైన నాలుగు ఆకులే కనిపిస్తాయి, దుంప అంతా మట్టి కింద. అలాగే గడ్డలో పెద్ద భాగం గొట్టం గోడ అవతల ఉండవచ్చు. ఆ భయం వల్ల, ఆ నునుపు వల్ల, చిన్న పట్టకారుతో గిల్లినట్టు తీస్తే వచ్చేది రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క. అది కూడా నలిగిపోయి వస్తుంది.

నలగడం అన్నది ఎందుకంత ముఖ్యమో చెబుతాను. గోంగూర ఆకునీ తోటకూర ఆకునీ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా ఏది ఏదో చెప్పేస్తారు. రెండింటినీ అరచేతిలో నలిపి ముద్ద చేసి ఇవ్వండి, వంట చేసి చేసి చెయ్యి పండినవాళ్లు కూడా చూపుతో చెప్పలేరు, వాసన చూడాల్సిందే. కణాలు కూడా అంతే.

ఆ ముక్క నా దగ్గరికి వచ్చింది. ముక్క వచ్చిన రోజే రిపోర్ట్ రాదు, మీరు ఫోన్ చేసి అడుగుతుంటారు కదా "ఇంకా రాలేదా" అని, ఎందుకు రాదో కూడా ఈ సందులో చెప్పేస్తాను. ముక్కని ముందు ఫార్మలిన్‌లో నానబెట్టాలి, అది పాడవకుండా గట్టిపడుతుంది. తరవాత ఆల్కహాల్‌తో అందులోని నీళ్లు తీసెయ్యాలి, తరవాత జైలీన్, తరవాత కరిగించిన మైనంలో పెట్టి చల్లార్చితే చిన్న మైనపు దిమ్మ తయారవుతుంది. దాన్నే మేం బ్లాక్ అంటాం. ఆ బ్లాక్‌ని మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందంలో కోస్తారు. మీ తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు అనుకోండి, దాంట్లో ఇరవయ్యో వంతు. ఆ పొరని గాజు పలక మీద పరిచి రంగులు వేస్తారు. ఒక రంగు మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవలోంచి తీసేది, హెమటాక్సిలిన్, అది కణంలోని కేంద్రకానికి నీలం రంగు పట్టిస్తుంది. రెండోది ఇయోసిన్, అది మిగతా భాగాన్ని గులాబీ రంగు చేస్తుంది. ఇదంతా మనుషులు చేత్తో చేసే పని. మా టెక్నీషియన్లు తెల్లవారుజామున వచ్చి చేస్తారు, వాళ్ల పేర్లు ఏ రిపోర్ట్‌లోనూ ఉండవు.

ఆ స్లైడ్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. నీలంగా, చిన్నచిన్న కణాలు, నలిగి, సాగిపోయి, ఒకదాని మీద ఒకటి. ఫారం మీద "ఎడమ గొట్టంలో గడ్డ, క్యాన్సరా?" అని ఉంది. అంతే. వయసు 29 అని పైన ఉంది, నేను చూశాను, కానీ పట్టించుకోలేదు. ఆ రోజు ట్రేలో ఇంకా నలభై స్లైడ్లు ఉన్నాయి. నేను స్మాల్ సెల్ కార్సినోమా అని రాశాను.

స్మాల్ సెల్ అంటే ఏమిటో తెలిస్తే నేను రాసింది ఎంత పెద్ద మాటో మీకు అర్థమవుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో బాగా వేగంగా పెరిగే వాటిల్లో అదొకటి. దాదాపు ఎప్పుడూ సిగరెట్ తాగేవాళ్లలోనే వస్తుంది. కనుక్కునేసరికే చాలామందిలో పాకిపోయి ఉంటుంది, వైద్యం లేకపోతే కొన్ని నెలలే. దానికి ఆపరేషన్ సాధారణంగా చేయరు, కీమో, రేడియేషన్ మొదలుపెడతారు. కార్సినాయిడ్‌కి అసలు వైద్యం ఆపరేషన్. టిపికల్ రకం, అంటే ఇందులో మరీ నెమ్మదైన రకం అయి, పూర్తిగా తీసేస్తే, ఐదేళ్ల తరవాత చూసినా వందలో సుమారు తొంభైమంది బాగుంటారు. చూశారా తేడా? రెండూ న్యూరోఎండోక్రైన్, అంటే హార్మోన్లు వదలగల కణాలు, అనే ఒకే కుటుంబానికి చెందినవి, నలిగిన ముక్కలో ఒకేలా కనబడగలవు, కానీ ఒకదానికి రాసిన మందు ఇంకోదానికి పనికిరాదు.

నన్ను కాపాడింది ఒక ఫోన్. క్యాన్సర్ డాక్టరుగారు ఫోన్ చేసి, "మేడమ్, మీ రిపోర్ట్ చూశాను. ఈ అమ్మాయి సిగరెట్ ముట్టదు, ఇంట్లో తాగేవాళ్లూ లేరు, మూడేళ్లుగా దగ్గు ఉంది. స్మాల్ సెల్ మూడేళ్లు ఆగుతుందా?" అన్నారు. నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఆగదు కదా. మూడేళ్లు నెమ్మదిగా కూర్చున్న గడ్డ స్మాల్ సెల్ ఎలా అవుతుంది? ఆ ఒక్క మాట, మూడేళ్లుగా దగ్గు అన్న మాట, ఫారం మీద ఉండి ఉంటే నా చెయ్యి ఆగేది. లేదా వయసు చూసి అయినా నేనే ఆగాల్సింది. తప్పు నాదే, ఫారం మీదకి నెట్టడం లేదు.

స్లైడ్ మళ్లీ తీశాను. బ్లాక్ ఇంకా లోతుగా కోయించాను. ఈసారి ఒక మూల నలగని కణాలు దొరికాయి. అవి గుంపులు గుంపులుగా, వరసలు కట్టి, మధ్యలో సన్నని రక్తనాళాలతో, చక్కగా పేర్చినట్టున్నాయి. కేంద్రకాలు గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో, వాటి లోపల ఉప్పూ మిరియాలపొడీ కలిపి చల్లినట్టు సన్న చుక్కలు. మా పుస్తకాల్లో కూడా దాన్ని ఉప్పు మిరియాల తీరు అనే అంటారు. పొంగల్లో మిరియం ముక్కలు చూస్తే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. స్మాల్ సెల్‌లో ఈ పొందిక ఉండదు, కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, చచ్చిన కణాల మచ్చలుంటాయి, ఎక్కడ చూసినా విభజన జరుగుతుంటుంది.

తరవాత ప్రత్యేకమైన రంగులు వేయించాం. ఇమ్యునో అంటాం. ఒక్కో ప్రోటీన్‌కి అతుక్కునే యాంటీబాడీ వేస్తే, ఆ ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు వస్తుంది. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ 56, ఈ మధ్య వచ్చిన ఇన్సమ్ 1, ఇవన్నీ ఈ కుటుంబం ఆనవాళ్లు. కానీ జాగ్రత్త, ఇవి స్మాల్ సెల్‌లోనూ రావచ్చు. ఇంటిపేరు చెబుతాయి గానీ మనిషెవరో చెప్పవు. మనిషిని పట్టించింది కీ-67 అనే ఇంకో రంగు. విభజన కోసం సిద్ధమవుతున్న కణాలకే అది పడుతుంది. రాత్రి పన్నెండింటికి అపార్ట్‌మెంట్ వైపు చూస్తే ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టినట్టు. టిపికల్ కార్సినాయిడ్‌లో వందకి ఐదు కూడా వెలగవు సాధారణంగా. స్మాల్ సెల్‌లో అరవై, డెబ్భై, కొన్నిసార్లు తొంభై దాటి వెలుగుతాయి. ఈ అమ్మాయి ముక్కలో రెండు మూడు. అర్ధరాత్రి నిద్రపోతున్న ఇల్లు.

ఆ సాయంత్రమే రిపోర్ట్ సరిదిద్దాను. కార్సినాయిడ్ ట్యూమర్ అని రాశాను. టిపికలా, అటిపికలా అని మాత్రం రాయలేదు. చిన్న ముక్కలో ఆ మాట చెప్పకూడదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే చాలామందికి ఇలాంటి రిపోర్ట్ వచ్చినప్పుడు డాక్టరుకే తెలియలేదేమో అని టెన్షన్ పడతారు.

ఈ రెండింటి మధ్య తేడా లెక్కలో ఉంది. రెండు చదరపు మిల్లీమీటర్ల జాగాలో ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో లెక్కపెట్టాలి. రెండు చదరపు మిల్లీమీటర్లంటే ఎంత? ఆవగింజని అడ్డంగా కోస్తే సుమారు అంత జాగా. ఆ ఆవగింజంత చోట విభజనలు రెండు కంటే తక్కువ ఉండి, చచ్చిన కణాల మచ్చ ఎక్కడా లేకపోతే టిపికల్. రెండు నుంచి పది వరకు ఉంటే, లేదా చచ్చిన మచ్చ చిన్నది కనబడినా అటిపికల్. పది దాటితే అది కార్సినాయిడ్ కాదు, స్మాల్ సెల్ లేదా లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ వైపు వెళ్లిపోతుంది. గిల్లిన ముక్కలో అసలు ఆవగింజంత మంచి జాగా ఉండాలి కదా? ఆ మచ్చ గడ్డలో ఇంకోచోట ఉంటే? అందుకే గడ్డంతా తీశాక, దాన్ని పూర్తిగా కోసి చూశాకే ఆ మాట రాస్తాం. కార్సినాయిడ్లలో పదింటికి తొమ్మిది దాకా టిపికలే.

ఈ లెక్క కూడా ఒక్కరోజులో రాలేదు. 1972లో అమెరికాలో ఆరిగోని, ఆయనతో పనిచేసినవాళ్లు, కొన్ని కార్సినాయిడ్లు మిగతావాటికంటే గట్టిగా ప్రవర్తిస్తున్నాయని గమనించి అటిపికల్ అని విడదీశారు. వాళ్లు పెట్టిన గీత ఐదు విభజనల దగ్గర. 1998లో ట్రావిస్, ఆయన సహచరులు రోగులు ఏమయ్యారో తిరిగి పోల్చి చూసి ఆ గీతని రెండుకి దించారు. ఇప్పటికీ ఆ గీతే వాడుతున్నాం, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన వర్గీకరణలో కూడా అదే.

అసలు ఈ పేరు పెట్టినాయన గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. 1907లో జర్మనీలో, మ్యూనిక్‌లో, ఓబెర్న్‌డోర్ఫర్ అనే పాథాలజిస్టు పేగుల్లో చిన్న గడ్డలు చూసి, ఇవి క్యాన్సర్‌లా కనబడుతున్నాయి గానీ క్యాన్సర్‌లా ప్రవర్తించడం లేదు అని "కార్సినాయిడ్" అన్నాడు. క్యాన్సర్‌ని పోలినది అని అర్థం. 1937లో హాంపెర్ల్ ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ అలాంటివి ఉన్నాయని చూపించాడు. చాలాకాలం వీటిని అడెనోమా అని, అంటే హాని లేని గడ్డ అని పిలిచారు. అది నిజం కాదు. టిపికల్ రకం కూడా పదిమందిలో ఒకరికి పక్కన ఉండే లింఫ్ గ్రంథుల్లోకి వెళుతుంది. కాబట్టి ఇది క్యాన్సరే, నెమ్మదైన క్యాన్సర్. ఓబెర్న్‌డోర్ఫర్ సంగతి ఏమిటంటే, ఆయన 1929లో, పేరు పెట్టిన 22 ఏళ్ల తరవాత, ఇంకా ఎక్కువ కేసులు చూసి, నేను అప్పట్లో అనుకున్నట్టు ఇవన్నీ హాని లేనివి కావు, కొన్ని పాకుతాయి అని తనే రాశాడు. నా రిపోర్ట్ సరిదిద్దిన రాత్రి నాకు ఆయనే గుర్తొచ్చాడు. తన పేరు మీద నిలిచిన మాటని తనే దిద్దుకోవడానికి ఎంత నిజాయితీ కావాలి!

అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆపరేషన్ అయింది. మొత్తం ఎడమ ఊపిరితిత్తి తీయాల్సి వస్తుందని ఇంట్లోవాళ్లు ఏడ్చారు. తీయలేదు. గడ్డ ఉన్న గొట్టం ముక్క వరకు కోసి, రెండు చివరలూ కలిపి కుట్టారు. ఇంట్లో నీళ్ల పైపు ఒకచోట పాడైతే ఆ ముక్క కోసేసి అతికిస్తారు చూడండి, అలా. కార్సినాయిడ్‌లో ఇలా ఊపిరితిత్తిని మిగల్చడం చాలాసార్లు వీలవుతుంది. గడ్డంతా నా దగ్గరికే వచ్చింది. టిపికల్. లింఫ్ గ్రంథుల్లో ఏమీ లేదు. కీమో అక్కర్లేదు. నా మొదటి రిపోర్ట్ మీద నడిచి ఉంటే, ఆ అమ్మాయికి అవసరం లేని కీమో ఆరు విడతలు ఎక్కించి ఉండేవాళ్లు, గడ్డ అక్కడే ఉండేది.

ఒక మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ అమ్మాయికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే బంధువుల్లో ఒకావిడ వాళ్లమ్మని పక్కకి పిలిచి "పట్నంలో ఉద్యోగం కదా వదినా, సిగరెట్లు గానీ అలవాటయ్యాయేమో కనుక్కో" అందట. ఈ కార్సినాయిడ్, ముఖ్యంగా టిపికల్, సిగరెట్ వల్ల వచ్చేది కాదమ్మా. పిల్లల్లో, టీనేజ్ వాళ్లలో ఊపిరితిత్తుల్లో మొదలయ్యే క్యాన్సర్లలో ముందు వరసలో ఉండేది ఇదే. కొద్దిమందిలో మెన్ 1 అనే వంశపారంపర్య జన్యులోపం ఉంటుంది, చాలామందిలో కారణమేదీ దొరకదు. అయినా ఎవరికైనా ఏ క్యాన్సర్ వచ్చినా, మంచం పక్కన నిలబడి అడగాల్సిన ప్రశ్నా అది?

ఇక స్కాన్‌ల గురించి కొంచెం. మామూలు పెట్ స్కాన్‌లో చక్కెరని ఎక్కువ తినే గడ్డలు వెలుగుతాయి. కార్సినాయిడ్ నెమ్మదైనది, ఎక్కువ తినదు, కాబట్టి మసకగా వెలిగి "ఏమీ లేదేమో" అనిపించవచ్చు. దీనికి గాలియం డోటాటేట్ అనే వేరే పెట్ స్కాన్ ఉంది, అందులో ఇచ్చే మందు ఈ కణాల మీద ఉండే, సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకాలకి అతుక్కుంటుంది. చెన్నైలోనూ చేస్తున్నారు. కొన్ని కార్సినాయిడ్లు హార్మోన్లు వదులుతాయి, మొహం ఎర్రబడటం, విరేచనాలు, లేదా మొహం ఉబ్బి షుగర్ పెరగడం, కానీ ఊపిరితిత్తుల వాటిలో అది అరుదు. దాని గురించి ఎక్కువ చెప్పను.

ముందు వరసలో అమ్మమ్మగారు చెయ్యెత్తారు. చెప్పండమ్మా. బయాప్సీ చేస్తే గడ్డ కదిలి ఒళ్లంతా పాకుతుందంటారు, నిజమేనా డాక్టరమ్మా అని అడుగుతున్నారు. మీరు అడిగింది చాలా మంచిదైంది, ఎందుకంటే ఈ మాట విని బయాప్సీ వద్దని ఆరు నెలలు ఆగినవాళ్లని నేను చూశాను. గొట్టంలోంచి గిల్లి తీసే ముక్క వల్ల క్యాన్సర్ పాకదమ్మా. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది రక్తం గురించి, అది డాక్టర్లు చూసుకుంటారు. ముక్క తీయకుండా పేరు పెట్టలేం, పేరు లేకుండా మందు ఇవ్వడం చీకట్లో రాయి వేయడమే.

సరే, మీరు చెయ్యగలిగింది ఏమిటి? బయాప్సీకి వెళ్లేటప్పుడు ఆ ఫారం అడిగి చూడండి. దాని మీద రోగి కథ ఉందా? ఎన్నాళ్లుగా దగ్గు, రక్తం ఎప్పుడు పడింది, సిగరెట్ అలవాటు ఉందా లేదా, టీబీ మందులు వాడారా, ఇంతకుముందు ఏ క్యాన్సరైనా ఉందా, స్కాన్‌లో ఏముంది. లేకపోతే "డాక్టరుగారూ, ఇది కూడా రాయండి" అని మర్యాదగా అడగండి. ఆయన బిజీగా ఉంటే ఒక తెల్లకాగితం మీద మీరే రాసి, ఫారంకి పిన్ చేసి పంపండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, ఈ ఊళ్లో చదివేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, నేను చదువుతాను. ముక్క ఉన్న డబ్బా మీ చేతికే ఇచ్చి వేరే ల్యాబ్‌కి తీసుకెళ్లమంటే, అందులో ఉన్నది ఫార్మలినా కాదా అడగండి. నీళ్లలో వేసి తెచ్చిన ముక్కలు నేను చాలా చూశాను, మన ఎండకి అవి గంటల్లో పాడవుతాయి, ఆ తరవాత ఎవరూ ఏమీ చెయ్యలేరు.

రిపోర్ట్‌కీ మనిషి కథకీ పొంతన కుదరకపోతే స్లైడ్లూ బ్లాకులూ అడిగి తీసుకుని ఇంకో చోట చూపించండి. అది ఎవరినీ అవమానించడం కాదు. నెల్లూరు నుంచి, గూడూరు నుంచి, తిరుపతి నుంచి మనవాళ్లు ఫైలు చంకలో పెట్టుకుని సెంట్రల్‌లో దిగుతారు. అందులో స్కాన్‌లుంటాయి, బిల్లులుంటాయి, బ్లాక్ మాత్రం ఉండదు. దాంతో మళ్లీ బయాప్సీ, మళ్లీ ఖర్చు. బ్లాక్ బొటనవేలంత ఉంటుంది, ఏళ్ల తరబడి చెడదు. ఒక్క జాగ్రత్త, అది మైనం, కాబట్టి మే నెలలో కారు డాష్‌బోర్డ్ మీద పెట్టి దోసె తినడానికి వెళ్లకండి. దూదిలో చుట్టి, గట్టి డబ్బాలో పెట్టి, చల్లగా ఉంచండి.

వెనక నుంచి ఒక అన్నయ్యగారు అడుగుతున్నారు, ఆపరేషన్ అయిపోయాక ఎన్నాళ్లు చూపించుకోవాలి అని. మామూలుగా క్యాన్సర్‌లో ఐదేళ్లు దాటితే గండం గడిచిందంటారు కదండీ. ఇది నెమ్మదైనది కాబట్టి తిరిగి రావడం కూడా నెమ్మదిగానే రావచ్చు, పదేళ్ల తరవాత కూడా. కాబట్టి పదేళ్లకి తక్కువ కాకుండా, అటిపికల్ అయితే ఇంకా దగ్గరగా చూడాలి. బాగున్నాను కదా అని మానెయ్యకూడదు.

ఆ అమ్మాయి మానలేదు. ఏటా పొద్దున్నే నెల్లూరు నుంచి రైల్లో వచ్చి స్కాన్ తీయించుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోతుంది. పెళ్లయింది, ఒక బాబు. పోయినసారి స్కాన్ ఫారం పొరపాటున నా టేబుల్ మీదకి వచ్చింది. డాక్టరుగారు రాసే చోట ఒకే ఒక్క లైను ఉంది. దాని కింద, పెన్నుతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, ఆ అమ్మాయే రాసుకుంది: ఎడమ గొట్టంలో కార్సినాయిడ్, టిపికల్, ఆపరేషన్ అయింది, సిగరెట్ అలవాటు లేదు, దగ్గు లేదు.